కత్తిరించని గుడ్డ

బట్టలు కుట్టేవాళ్ళ ఇంట్లో రహస్యాలు దాగవు. ఎవరి నడుం ఎంత పెరిగిందో, ఎవరి భుజం ఎంత వాలిందో ముందు టేపుకు తెలుస్తుంది, ఆ తర్వాతే మనిషి ఒప్పుకుంటాడు. అలాంటి ఇంట్లో మాస్టారు ఒక రహస్యం దాచబోయాడు. అదీ ఎవరి దగ్గర? ఆ చుట్టుపక్కల తనకన్నా బాగా కుట్టగల ఒకే ఒక్క మనిషి దగ్గర, అంటే కట్టుకున్న భార్య దగ్గర. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. పాపం, పిల్లిని తప్పుపట్టకండి. భయపడ్డవాడు ఎవడైనా అంతే.

వాళ్ళ షాపు వీధి మలుపులో, బస్టాపుకు ఎదురుగా ఉంది. లోపల రెండు మిషన్లు ఎదురెదురుగా, మధ్యలో గుడ్డ కత్తిరించే పొడుగుబల్ల, గోడకు వరసగా దారపు ఉండలు, వెనక తలుపు తీస్తే ఇల్లు. అతను కత్తిరించేవాడు, ఆవిడ కుట్టేది. అంచులు మడిచి చేత్తో కుట్టే పని మాత్రం ఇద్దరిదీ. ఆవిడది పుర్రచేతి వాటం. అందుకని అతని కుట్లు కుడివైపుకు వాలితే ఆవిడవి ఎడమవైపుకు వాలేవి. పాతబేరాలవాళ్ళు ప్యాంటు అంచు తిప్పి చూసి, "ఇది అమ్మగారి చెయ్యి" అని మురిసిపోయేవాళ్ళు. అతనిదైతే, "మాస్టారిదా, సరేలెండి" అనేవాళ్ళు. మాస్టారు పైకి మూతి ముడుచుకునేవాడు గానీ లోపల గర్వంగానే ఉండేది. అందరూ అతన్ని మాస్టారన్నట్టే ఆవిడా మాస్టారనే పిలిచేది. వాళ్ళు పిలిస్తే గౌరవం, ఆవిడ పిలిస్తే వెక్కిరింత.

ఆవిడ రోగం పేరు విన్న రోజు ఇద్దరూ ఆసుపత్రి నుంచి బస్సులో తిరిగొచ్చి, షాపు తీసి, అలవాటు కొద్దీ ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ కుట్టలేదు. మందులు ఆపకుండా ఎక్కించుకుంటే మనిషి నిలబడే ఆశ ఉందని డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాటా మాస్టారు గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ పట్టుకున్నది వేరే.

"మాస్టారూ, ఒక్క మాట ముందే చెప్తున్నా. సూదులు పొడిపించుకుంటాను, సూదులు మనకు కొత్తేం కాదు. కానీ నా గౌన్లు నాకు వదులైన రోజున నేను ఓడిపోయినట్టే లెక్క. మా అమ్మను చూశాను గదా, చివర్లో కొక్కేనికి తగిలించినట్టు వేలాడేవి ఆవిడ ఒంటిమీద బట్టలు. నాకా రోజొస్తే వైద్యం మానేస్తా. అప్పుడు బతిమాలకూడదు."

మాస్టారు తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? ఆవిడ మాటంటే మాటే అని పెళ్ళైన కొత్తలోనే తెలుసుకున్నాడు.

ఆసుపత్రిలో బరువు చూసే మిషనెక్కినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకునేది. "ఆ అంకె నాకు చెప్పకమ్మా, అది మీ లెక్క. నా లెక్క నా బట్టలు చెప్తాయి" అనేది నర్సుతో. నర్సు నవ్వి, అంకె రాసుకుని ఊరుకునేది. 

రెండో డోసు అయ్యాక ఒక పొద్దున ఆవిడ కిటికీ దగ్గర నిలబడి బస్టాపు వంక చూస్తుంటే, వెనకనుంచి మాస్టారి కన్ను ఆవిడ గోధుమరంగు గౌను నడుం మీద పడింది. అక్కడ గుడ్డ ఒంటిని పట్టుకోవడం లేదు. ఆవిడ ఇటు తిరిగేలోగా కళ్ళు దించుకుని, లేని దారం సూదిలోకి ఎక్కించసాగాడు.

మూడో డోసు రోజున, "బేరాలు పేరుకుపోయాయి, నేను రాలేను, మీ హారన్‌ను తోడు తీసుకెళ్ళు" అన్నాడు. హారన్ అంటే ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు. బడి బస్సు నడిపేది. బస్సు హారన్ పాడైన రోజున కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తూ దారంతా నడిపిందట, అప్పట్నుంచీ ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ళటు వెళ్ళగానే మాస్టారు తలుపు గడియపెట్టి, ఆవిడ గౌన్లన్నీ బల్లమీద పరిచాడు. పక్కకుట్లు విప్పి, రవ్వంత లోపలికి జరిపి, పాత కుట్టు చిల్లులు కనిపించకుండా మళ్ళీ కుట్టాడు. మిగిలిన గుడ్డ మీదికి కత్తెర వెళ్ళింది గానీ చెయ్యి ఆడలేదు. ఆవిడ మళ్ళీ ఒళ్ళు చేస్తుంది. అప్పుడు వదలాలంటే గుడ్డ ఉండాలి గదా? కత్తిరించకుండా లోపలికి మడిచి ఉంచాడు.

అలా మొదలైంది. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ అతను గౌన్లు విప్పేవాడు. కొన్నాళ్ళకు పక్కకుట్లతో పని జరగలేదు. భుజాలు జారుతున్నాయి, చేతులు ఊడదీసి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. జీవితంలో అంత సూక్ష్మంగా ఎప్పుడూ కుట్టలేదు మాస్టారు, చూసి మెచ్చుకునేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పైగా చీవాట్లొకటి. ఆవిడ చెల్లెలు, రెండు వీధుల అవతల లాండ్రీ నడిపే మరదలు, మొహమాటం ఎరగని మనిషి.

"ఏం బావా, అక్కకు సెలైన్ ఎక్కేటప్పుడు పక్కన కూర్చోవడానికి కూడా తీరదా నీకు? ఎవరి కోట్లు ఆగిపోతున్నాయి?"

మాస్టారు టేపు మెళ్ళో వేసుకుని బల్ల దగ్గరికి నడిచాడు. భార్య చెయ్యి పట్టుకుని కూర్చోవాల్సిన గంటల్లో ఆవిడ గౌను పట్టుకుని కూర్చుంటున్నాడని ఎలా చెప్పడం? ఆ బాధ అతన్ని తినేస్తూనే ఉంది. అయినా ఆవిడ ఇంటికొచ్చి, స్నానం చేసి, గౌను తొడుక్కుని, "ఫర్వాలేదు మాస్టారూ, ఇంకా నాకు సరిగ్గానే ఉంది" అన్నప్పుడు, ఆ మాట కోసం ఎన్ని చీవాట్లైనా తినొచ్చనిపించేది.

మందు ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు మంచంమీదే. తర్వాత కొన్ని మంచిరోజులు వచ్చేవి. ఆ మంచిరోజుల్లో ఊళ్ళు తిరగాలని పట్టుబట్టింది ఆవిడే. షాపు మూసి ఊరెళ్ళడమనేది ఆ మొగుడూపెళ్ళాలకు తెలియని విద్య. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ పని, రోగమొచ్చాక సెలవులు! హారన్ దగ్గర పాత వ్యానొకటి ఉంది. ముందు సీట్లో హారన్, పక్కన ఆవిడ, వెనక మాస్టారూ మరదలూ, దుప్పట్లూ, ఫ్లాస్కులూ, రొట్టెల డబ్బా.

"చూడదగ్గ ఊళ్ళు వద్దు" అనేది ఆవిడ. "అక్కడికి అందరూ కొత్తబట్టలు వేసుకొస్తారు. పనిచేసుకునే ఊళ్ళకు పోదాం."

అందుకని ఏ పటంలోనూ ఎర్రచుక్క లేని ఊళ్ళకే వెళ్ళేవాళ్ళు. బస్టాండు దగ్గరో సంతలోనో బెంచీమీద నలుగురూ కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ బట్టలు చూడటం. అదే వాళ్ళ విహారం. ఆవిడ ఒక్కొక్కరి వీపు చూసి జాతకం చెప్పేది. "ఆ కాలరు కుట్టినవాణ్ణి జైల్లో పెట్టాలి." "ఆ పిల్ల గౌను వాళ్ళక్కది, అంచు మడత విప్పారు చూడు." ఒకసారి పెద్దాయనొకడు పొడుగు కోటులో నడిచి వెళ్తుంటే, "ఆ కోటు ఆయనది కాదు, వాళ్ళ నాన్నది. భుజాలు ఆయనకన్నా ముందు నడుస్తున్నాయి" అంది. హారన్ ఊరుకుంటుందా? "ఏవండీ, ఆ కోటు మీ నాన్నగారిదా?" అని సంతంతా వినబడేట్టు అరిచింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి వచ్చి, "మా నాన్నదే. మీరు ఆయనకు తెలుసా?" అన్నాడు, కళ్ళల్లో అంత ఆశతో. తెలియదని చెప్పడానికి మనసొప్పక ఆయన్ని కూర్చోబెట్టి టీ పోశారు. ఆయన వాళ్ళ నాన్న గురించి చాలాసేపు చెప్పి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఆవిడకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి డొక్క పట్టుకుని, మరదలి ఒళ్ళో తల పెట్టి, "చచ్చిపోతానే, నవ్వించకండే" అంది. ఆ మాటకు ఎవరూ జడుసుకోలేదు. అంత బాగుంది ఆ రోజు. మాస్టారు ఆ బెంచీమీద సుఖపడ్డాడు. కాపురం మొత్తం మీద అంత సుఖపడ్డ రోజు మరొకటి గుర్తురాక, ఇన్నాళ్ళూ ఏం చేశామా అని ఏడుపు కూడా వచ్చింది.

మందుల వల్ల ఆవిడ వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. సూది పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియడం లేదని మిషను మీద గుడ్డ కప్పేసింది. డోసు తర్వాతి మంచంమీది రోజుల్లో మరదలు తన ఇంటికి తీసుకెళ్ళేది, షాపు చప్పుడుకు నిద్రపట్టదని. వెళ్తూ వెళ్తూ ఉతకడానికి మాస్టారి చొక్కాలు కూడా సంచీలో వేసుకుపోయేది. ఇస్త్రీ చేసి మడతపెట్టి తెచ్చేది. ఒకసారి ఆవిడ తిరిగొచ్చాక మాస్టారు ఆవిడ కుడిచెయ్యి చూస్తే, వేళ్ళ చివర్ల మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి. రక్తపరీక్షల కోసం ఎన్నిసార్లు పొడుస్తున్నారో అని ఆసుపత్రివాళ్ళను తిట్టుకుని, ఆ వేళ్ళకు వెన్న రాశాడు. ఆవిడ వద్దనలేదు.

"నువ్వు కూడా సగమైపోయావు బావా" అంది మరదలు ఒకరోజు.

"నీ మొహం. నా చొక్కా చూడు, కొలిచి కుట్టినట్టుంది" అన్నాడు మాస్టారు.

మరదలు ఏదో అనబోయి అక్క వైపు చూసి ఊరుకుంది. టైలరు ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ తిప్పి చూస్తాడు గానీ తన చొక్కా లోపలివైపు చూసుకోడు.

చలి తగ్గాక సముద్రం దగ్గరికి వెళ్ళారు. అదీ పేరున్న తీరం కాదు, పడవలు బాగుచేసే చోటు. తారు వాసన, సుత్తి చప్పుళ్ళు. హారన్, మరదలు టీ కోసం వెళ్ళారు. ఇసుకలో బోర్లించిన పడవకు ఆనుకుని మొగుడూపెళ్ళాలిద్దరే కూర్చున్నారు. ఎదురుగా ఒక ముసలివాడు తెరచాప గుడ్డకు మాసిక వేస్తున్నాడు. ఆవిడ కాసేపు అతని సూది వంక చూసి అంది.

"మాస్టారూ, ఇంటికెళ్ళాక ఈ గౌను లోపలి గుడ్డ కత్తిరించండి. డొక్కల దగ్గర ఒరుసుకుంటోంది."

మాస్టారికి తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది. "ఏ గుడ్డ?" అన్నాడు.

"మీరు మడిచి మడిచి దాచిన గుడ్డ."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారే తెలుసు. కుట్టిన చోట ఇస్త్రీ చెయ్యకుండా ఉండలేరు గదా మీరు! నలిగిన గౌను కొక్కేనికి తగిలించి వెళ్ళాను. వచ్చేసరికి గౌనంతా నలిగే ఉంది, పక్కకుట్లు మాత్రం కత్తిలా నిలబడున్నాయి. దొంగతనానికి వచ్చి ఇస్త్రీ చేసి పోయేవాణ్ణి ఎక్కడా చూళ్ళేదు నేను."

మాస్టారికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మరి వదులైతే మానేస్తానన్నావు? ఎందుకు మానలేదు?"

"మానేద్దామనే కుట్టు తిప్పి చూశాను. గుడ్డ కత్తిరించలేదు మీరు. మళ్ళీ వదలడానికి ఉంచారు. నేను ఒళ్ళు చేస్తానని మీరంత నమ్మకంగా ఉంటే మీ మొహం చూసి మానేస్తానని ఎలా చెప్పను? సర్లే, ఇంకో డోసు అనుకున్నా. ఆ డోసుకో ఊరు చూశాం. ఇంకో డోసు, ఇంకో ఊరు. నాకు గిట్టుబాటైంది మాస్టారూ. కానీ ఇంక లోపల చోటు లేదు. మడత మీద మడత పడింది. కత్తిరించండి. చాలు."

వైద్యం ఆపేస్తానంటోందని అతనికి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఏ మాట వినకూడదని తలుపులు గడియపెట్టుకుని కుట్టాడో ఆ మాటే వచ్చింది. డాక్టరు ఇంకా ఆశ వదల్లేదనబోయాడు. ఆవిడ అతని చెయ్యి తీసుకుని తన నడుం మీద పెట్టుకుంది.

"డాక్టరుకు నా బరువు తెలుసు. మీకు నా కొలత తెలుసు. మీరే చెప్పండి."

చేతికింద ఏముందో మాస్టారికి తెలుసు. టేపు అక్కర్లేదు. అతను చెయ్యి తియ్యలేకపోయాడు. హారన్ టీలు తెచ్చి, ఇద్దర్నీ చూసి, జీవితంలో మొదటిసారి నోరు మెదపకుండా పక్కన కూర్చుంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే షాపులో, ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తుండగా, మాస్టారు గౌను తిరగేసి కత్తెర తీసుకున్నాడు. ముక్కలు ఒక్కొక్కటే బల్లమీద రాలాయి. ఆవిడ తొడుక్కుని, అటూ ఇటూ తిరిగి, "అబ్బ, హాయిగా ఉంది" అంది. అప్పుడు ఏడ్చాడు మాస్టారు, బల్లమీద తల పెట్టుకుని, బస్టాపులో ఉన్నవాళ్ళు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా. ఆవిడ అతని వీపు మీద చెయ్యి వేసి, చొక్కా పక్కకుట్టును వేళ్ళతో తడుముతూ నిలబడింది. ఆ వేళ్ళు ఏం వెతుకుతున్నాయో అతను పట్టించుకోలేదు.

తర్వాత నొప్పి మందులు మాత్రమే. ఇక మాస్టారు ఆవిడ పక్కనుంచి కదల్లేదు. ప్రయాణాలు కుదించుకుపోయాయి. ముందు పక్క ఊరు, తర్వాత వీధి చివర, ఆ తర్వాత కిటికీ దగ్గరి కుర్చీ. అక్కడినుంచి కూడా బస్టాపులో వాళ్ళ కాలర్లకు వంకలు పెడుతూనే ఉంది. ఒక తెల్లవారుజామున, చెల్లెలు పాదాలు ఒత్తుతుండగా, మాస్టారు చెయ్యి పట్టుకుని ఉండగా పోయింది. హారన్ వెళ్ళి బస్టాపు వైపు కిటికీ మూసింది.

మాస్టారు తిండి మానేస్తే మరదలు మాననివ్వలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నె తెచ్చి ముందు పెట్టి, తినేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. "నువ్వు పస్తులుంటే అక్క తిరిగొస్తుందా? తిను బావా" అని కసిరేది. కాలం గడిచింది. కాలానికి సిగ్గులేదు, ఎవరున్నా ఎవరు పోయినా గడుస్తుంది. మాస్టారి మొహంలో మళ్ళీ కాస్త కండ చేరింది.

ఒకరోజు హారన్ వచ్చింది. "అన్నయ్యా, అది ఇంకో ఊరు చెప్పింది, వెళ్ళలేకపోయాం. నది పక్కన తాళ్ళు పేనే ఊరు. మనం ముగ్గురం వెళ్దాం. వద్దన్నావంటే వీధిలో నిలబడి అరుస్తా." అరుస్తుందని తెలుసు గనక ఒప్పుకున్నాడు.

బయల్దేరే పొద్దున నీలం చొక్కా తొడుక్కుంటే పొట్ట దగ్గర గుండీ పడలేదు. ఇంకోటి తొడుక్కున్నాడు, అదీ అంతే. అన్నీ తనే కుట్టుకున్న చొక్కాలు, ఎప్పుడూ ఒకే కొలత. మరీ ఇంత ఒళ్ళొచ్చిందా అని విసుక్కుని, కాస్త వదులు చేద్దామని నీలం చొక్కా బల్లమీద తిరగేశాడు.

లోపల గుడ్డ ఉంది. కుట్టేటప్పుడు తను వదిలినంత కాదు, దానికి రెండింతలు. మడిచి చేత్తో కుట్టి ఉంది. కుట్లు వంకరటింకరగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, మొదటిసారి సూది పట్టిన పిల్ల కుట్టినట్టున్నాయి. అన్నీ ఎడమవైపుకు వాలి ఉన్నాయి.

మరదలు రొట్టెల డబ్బాతో లోపలికొచ్చేసరికి అతను రెండు చేతులతో ఆ చొక్కా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆమె డబ్బా కింద పెట్టింది.

"అక్క చెప్పొద్దంది బావా. నేను లాండ్రీకి తీసుకెళ్తున్నానంటే నమ్మేవాడివి. మా ఇంట్లో కిటికీ దగ్గర మంచంమీద కూర్చుని కుట్టేది. వేళ్ళకు సూది తెలిసేది కాదు, గుడ్డ పట్టుకున్న చేతినే పొడుచుకునేది. రక్తం అంటితే నేను ఉతికేదాన్ని. 'ఆయన చిక్కిపోయాడని ఆయనకు తెలిస్తే బెంగతో ఇంకా చిక్కిపోతాడే' అనేది. నేను మిగిలిన గుడ్డ కత్తిరించబోతే నా చెయ్యి పట్టుకుంది. 'ఉండనీవే. నేను పోయాక నువ్వు తిండి పెడతావుగా, మళ్ళీ ఒళ్ళు చేస్తాడు' అంది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడంటారు. తను ఇస్త్రీ చేసి దొరికిపోయాడు. ఆవిడ మాత్రం ఉతుకులోనూ ఇస్త్రీలోనూ దాచి, బతికినన్నాళ్ళూ దొరకలేదు. వెన్న రాసిన ఆ వేళ్ళు గుర్తొచ్చి మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

విప్పితే ఆవిడ ఆఖరి కుట్లు పోతాయి. విప్పకపోతే, అతను మళ్ళీ నిండుతాడని ఆవిడ పెట్టుకున్న నమ్మకం లోపలే ఉండిపోతుంది. చాలాసేపు చూసి, చివరికి కుట్లు విప్పే చిన్న బ్లేడు తీసుకున్నాడు. చేతికుట్టు విప్పడం సులువు, ఒక కొస తెంపి లాగితే జారిపోతుంది. ఇది జారలేదు. వేళ్ళకు తెలియక ఆవిడ ఒకేచోట మళ్ళీ మళ్ళీ పొడిచింది. ఒక్కొక్క కుట్టే విప్పాల్సి వచ్చింది. దారాలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు.

బయట వ్యాను ఆగింది, హారన్ మోగింది, ఆ వెంటనే అసలు హారన్ కూడా అరిచింది. మాస్టారు చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పడ్డాయి. పక్కన మాత్రం చంక కింది నుంచి నడుం దాకా పాత మడత గీత, దాని వెంట సూది చిల్లులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"గీత పడింది బావా" అంది మరదలు. "ఇటివ్వు, ఒక్క నిమిషం ఇస్త్రీ చేస్తా, పోతుంది."

"వద్దు, ఉండనీ" అని మాస్టారు షాపు తలుపు మూసి, వెళ్ళి వ్యానెక్కాడు.